బటర్‌కప్: పువ్వును మించిన పేరు

ఆంగ్లకవిత్వమును తెలుగు విద్యార్థులకు బోధించునప్పుడు పూలపేళ్ల కడ మనము ఆగము. డాఫడిల్ ఒక పువ్వు, ప్రిమ్‌రోజ్ మఱియొక పువ్వు, బటర్‌కప్ పసుపుపచ్చని యొక అడవిపువ్వు అని చెప్పి ముందునకు సాగుదుము. తరగతి వ్యాఖ్యానములు సైతము ఇంతకు మించి చెప్పుట అరుదు. ఈ తొందరపాటువలన పద్యమునకు కలుగు నష్టమెంతటిదో బటర్‌కప్ అను నొక్క పువ్వును పట్టుకొని విచారించుట మా ఉద్దేశము. ఇది వృక్షశాస్త్రవ్యాసము కాదు. అయినను కొంత వృక్షశాస్త్రము లేనిదే ఈ సాహిత్యవిచారము సాగదు.

శాస్త్రజ్ఞులు ఈ పువ్వుల జాతికి రానంక్యులస్ అని పేరిడిరి. లాటిను భాషలో ఆ మాటకు ‘చిన్నకప్ప’ యని యర్థము. ఇందు పెక్కు మొక్కలు తడినేలలను కోరునవి గనుక ఆ పేరు తగినదే. ఇంగ్లండు పచ్చికబయళ్లలో నిటారుగా పెరుగునది, నేలపై ప్రాకునది, మొదట దుంప గలది అని మూడువిధములు విరివిగా కానవచ్చును. పువ్వునకు సామాన్యముగా అయిదు రేకులు; వానిపై నూనె రాచినట్టి నిగనిగ. మన వంటింటి నల్లజీలకర్రయు, వైద్యగ్రంథములు పేర్కొను వత్సనాభియు ఈ కుటుంబమునకు చెందినవే. ఈ బంధుత్వములలో రెండవది మఱవరాదు. ఏలయన బటర్‌కప్ ఆకును నలిపినచో ఘాటైన రసము పుట్టును. చర్మమునకు తగిలిన బొబ్బలెక్కించును. 1597లో వెలువడిన జాన్ గెరార్డు మూలికాగ్రంథమున, బిచ్చగాండ్రు ఈ ఆకును నూఱి కాలుసేతులకు పట్టించుకొని పుండ్లు తెప్పించుకొను వాడుక చెప్పబడినది. పశువులు పచ్చిమొక్కను సాధారణముగా ముట్టవు. ఎండుగడ్డిలో కలిసినప్పుడు మాత్రము ఆ దోషము పోవును.

పశువు తినని మొక్కకు వెన్నపేరు ఎట్లు వచ్చినది? ఆకు చీలికలను బట్టి పూర్వులు దీనిని ‘కాకికాలు’ అను నర్థము వచ్చు పేరుతో పిలిచిరి. బటర్‌కప్ అను మాట పదునెనిమిదవ శతాబ్దిలో గాని వ్యాప్తికి రాలేదు. షేక్స్పియరు నాటకములలో ఎక్కడను లేదు. ఆవులు ఈ పూలు మేయుటచేతనే వెన్నకు పసుపువన్నె వచ్చునని పల్లెజనులు నమ్మిరి. ఆ వన్నె పచ్చగడ్డిలోని కెరొటీనువలన వచ్చునది. పువ్వునకు అందు భాగము లేదు. పొరపాటు నమ్మకమునకు తోడైన పేరు, చూచినదానిని చూచినట్లు చెప్పిన పాతపేరును వాడుకలో వెనుకకు నెట్టినది. ప్రజలు కాకిని వదలి వెన్నను వరించిరి. అందు ఆశ్చర్యమేమున్నది?

ఇక తెలుగున దీనిని ‘వెన్నగిన్నె’ అనవచ్చునా? అనువాదకులకు ఈ కోరిక పుట్టుట సహజము. మాట చెవికింపుగానే యున్నది. కాని వెన్న యనగా వెలి నేయి. తెల్లదనము ఆ శబ్దమునందే కలదు. తమిళమున ‘వెణ్ణెయ్’ అను రూపము చూచినచో ఈ సంగతి స్పష్టమగును. గేదెపాల వెన్న తినిన వారికి వెన్న తెలుపే; యశోద యింట దొంగిలింపబడిన వెన్నను పసుపుపచ్చగా తలంచిన తెలుగువాడు లేడు. కావున వెన్నగిన్నె అనగానే పాఠకునికి తెల్లని పువ్వును, దానివెంట బాలకృష్ణుడును తోతురు. ఆ రెండును మూలమున లేవు. పదమునకు పదము సరిపోయి వస్తువు తాఱుమాఱైన అనువాదమునకు ఇంతకంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు.

ఆంగ్లదేశపు పిల్లలకు ఈ పువ్వుతో ఒక ఆట కలదు. ఒకరు పువ్వును మఱియొకరి గడ్డముక్రింద పట్టి, నీకు వెన్న యిష్టమా యని యడుగుదురు. గడ్డముపై పసుపునీడ పడినచో ఇష్టమని లెక్క. ఎండ కాయుచున్నంతవఱకు వెన్న గిట్టనివాడు ఒక్కడును తేలడు! ఈ నీడ ఎట్లు పడునో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వివరించిరి. రేకు పైపొర అద్దమువలె నునుపైనది. దానిక్రింద సన్నని గాలిపొర యున్నది. ఈ యమరికచేత పసుపువెలుగు చెల్లాచెదరు కాక ఒకే వైపునకు పరావర్తనము చెందును. అతినీలలోహితకాంతియు అట్లే వెలువడి, ఆ కాంతిని చూడగల కీటకములను ఆకర్షించునని వారి యభిప్రాయము. పిల్లల యాట ఉత్త ఊహ కాదు; కంటికెదుట జరుగు ఒక కాంతివిశేషమునకు వారు కల్పించుకొన్న కథ.

ఈ యాట తెలిసిన తరువాత బ్రౌనింగు పద్యమును చదువవలెను. 1845లో అచ్చయిన ‘హోమ్ థాట్స్ ఫ్రమ్ అబ్రాడ్’ అను ఖండికలో వక్త పరదేశమున నుండి ఇంగ్లండు వసంతమును తలంచుకొనును. చివర బటర్‌కప్పులను పేర్కొని, అవి పసిపిల్లల సొత్తనియు, తన యెదుటనున్న ఆడంబరపు పుచ్చజాతి పువ్వుకంటె కాంతిమంతములనియు చెప్పి ముగించును. ఇందు ‘సొత్తు’ అని మేము వ్రాసిన చోట మూలమున నున్న మాటను తరగతులలో కట్నమని చెప్పుట విన్నాము. అది తప్పు. పుట్టుకతో సంక్రమించిన భాగ్యమని యిచట అర్థము. కొనవలసిన పని లేదు, అడుగవలసిన పని లేదు. బయలున పూచినది పిల్లలది. గడ్డముక్రింది యాట తెలియని పాఠకునకు ఇది పూలవర్ణనలలో ఒకటిగా మాత్రమే తోచును. తెలిసినవానికి వక్త బాల్యమంతయు ఆ ఒక్క మాటలో కదలాడును.

మఱియొక విశేషమును గమనింపవలెను. పోల్చిన పువ్వులు రెండును పసుపే. రెండును విప్పారి గిన్నెవలె నుండునవే. కావున తారతమ్యము రంగులో లేదు, రూపములో లేదు. చూచువాని బెంగలో ఉన్నది. ‘ఆడంబరపు’ అను విశేషణము ఆ తీగను గూర్చి చెప్పినదానికంటె వక్తను గూర్చి ఎక్కువ చెప్పుచున్నది. దీనిని కేవలము ప్రకృతివర్ణనముగా బోధించువారు పద్యమున సగము వదలుకొనుచున్నారని మా దృఢాభిప్రాయము.

జనసామాన్యపు రంగస్థలమున ఈ పేరును అందఱికంటె చక్కగా వాడినవాడు గిల్బర్టు. సలివను సంగీతముతో 1878లో లండనున ప్రదర్శితమైన ‘హెచ్.ఎమ్.ఎస్. పినఫోర్’ అను హాస్యగేయనాటకమున లిటిల్ బటర్‌కప్ అను నామె కలదు. పోర్ట్స్‌మత్ రేవున పడవపై వచ్చి ఓడలోని నావికులకు సరకులమ్మును. బొద్దుమనిషి, ఎఱ్ఱని చెక్కిళ్లు, నవ్వుమొగము. తన కా పేరెందుకు వచ్చినదో తనకే తెలియదనును. పైకి ఉల్లాసముగా కనబడు వారిలోపల పురుగు తొలుచుచుండవచ్చును గదా యని వెంటనే ఒక నావికునితో ననును. చివరకు ఆ రహస్యము బయటపడును: పూర్వము పసిబిడ్డలను పెంచు వృత్తిలో నున్నప్పుడు, గొప్పయింటి బిడ్డను పేదయింటి బిడ్డను ఆమె తాఱుమాఱు చేసినది; నేటి కెప్టెను పుట్టుకచే పేదవాడు, నేటి సామాన్యనావికుడు పుట్టుకచే గొప్పవాడు. పేరులో వెన్న, లోపల ఘాటు! గిల్బర్టునకు మొక్కరసము స్ఫురించెనా లేదా యన్నది ముఖ్యము కాదు. ఇంపైన పేరును పెట్టి దానిక్రింద చేదును దాచిన ఆ కల్పన పువ్వు స్వభావముతో అక్షరాల సరిపోయినది. హాస్యనాటకమని చిన్నచూపు చూచి మన పాఠ్యక్రమములు దీనిని దూరముంచుట విచారకరము.

తరువాతివారి వాడుకలను గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. ఫౌండేషన్స్ అను బృందము 1968లో పాడిన ప్రసిద్ధగీతమున బటర్‌కప్ ప్రియురాలికి ముద్దుపేరు. పువ్వు లేదు, పచ్చిక లేదు. విలియం గోల్డ్‌మన్ 1973 నాటి నవల ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ నాయికకు ఈ పేరుండుటలో కొంత యౌచిత్యము కలదు. ఆమె పాడియావులుగల రైతుబిడ్డ. 1998లో మొదలైన ‘పవర్‌పఫ్ గర్ల్స్’ బొమ్మలకథలలో ముగ్గురు బాలికలలోను మిక్కిలి జగడగొండియైన పిల్లకు ఈ పేరు పెట్టిరి. ఇది సున్నితనామముతో చేసిన పరిహాసము. పేరు సున్నితమని ప్రేక్షకులందఱికి తెలిసియుండుటచేతనే అది పండినది. పువ్వును ఎఱుగవలసిన అవసరము వారికి లేకపోయినది.

ఇట్లు పేరు పువ్వును విడిచి తిరుగుచున్న కాలముననే పచ్చికబయళ్లును తఱిగినవి. 1930ల తరువాతి అర్ధశతాబ్దిలో ఇంగ్లండు, వేల్సు దేశములు అడవిపూల పచ్చికబయళ్లలో నూటికి 97 వంతులు కోలుపోయినవని లెక్క. బటర్‌కప్ మాత్రము నశింపలేదు. ప్రాకు జాతి తోటలలో కలుపై వేధించుచునే యున్నది. కాని బ్రౌనింగు పిల్లల సొత్తన్నది తోటమాలి పెఱికి పాఱవేయు కలుపును గాదు.

మా తరగతిలో ఈ పద్యము చెప్పినప్పుడు జరిగిన యొక సంగతి చెప్పవలసియున్నది. ఏటియిసుకలో పుచ్చపాదులు పెట్టు కుటుంబమునుండి వచ్చిన విద్యార్థి యొకడు లేచి, “మాస్టారూ, వెన్నెల బాగున్నదని చెప్పవలసివస్తే మనం పుచ్చపువ్వులా ఉన్నదంటాము. ఆయనకు ఆ పువ్వంటే అంత లోకువ యెందుకండీ?” అని యడిగెను. తరగతి నవ్వినది. కవికి ఇల్లు గుర్తుకు వచ్చినదని ఏదో చెప్పి ఆనాటికి దాటవేసితిమి. అతడు చెప్పినది నిజము. బ్రౌనింగు తిరస్కరించిన కులపు పువ్వు మన నుడికారమున వెన్నెలకు ఉపమానము. తెలుగు విద్యార్థి ఈ పద్యమును చేరవలసినది బటర్‌కప్ వైపునుండి కాదు, పుచ్చపువ్వు వైపునుండి. అనువాదకుడు బటర్‌కప్పును బటర్‌కప్పుగానే యుంచి, రెండవదానిని ఏ విదేశపుష్పముగనో మార్చక పుచ్చపువ్వనియే వ్రాసినచో, చదువరికి ఆ విశేషణము కొంచెము గుచ్చుకొనును. గుచ్చుకొననిండు. ఆ విద్యార్థి కూర్చుండుచు ప్రక్కవానితో మెల్లగా ననిన మాట కూడ మాకు వినబడినది: “పువ్వు నిలిస్తేనే గదా పిందె.”