తలకాయలు నల్లోళ్లవి, సీట్లు తెల్లోళ్లవి

ప్రజాస్వామ్యం అనగానే మన మేధావులు ముందుగా అమెరికాను చూపిస్తారు. మరి బానిసత్వం సంగతేమిటని అడిగితే అదొక మచ్చ అనీ, కాలక్రమంలో చెరిగిపోయిందనీ అంటారు. అది మచ్చ కాదు, పునాదిలో వేసిన రాయి అని మేమంటున్నాం.

1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగాన్నే చూద్దాం. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో జనాభాను బట్టి తేల్చాలి. ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కకట్టాలని ఒప్పందం చేసుకున్నారు. బానిసకు ఓటు లేదు. కానీ అతని తలను చూపించి యజమానుల రాష్ట్రాలు ఎక్కువ సీట్లు తీసుకున్నాయి. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల సంఖ్య కూడా ఆ సీట్లతో ముడిపడిందే గనుక అక్కడా లాభం వాళ్లదే.

అంతర్యుద్ధం తర్వాత 1868లో 14వ సవరణ ఈ లెక్కను ఎత్తేసింది. 1870లో 15వ సవరణ జాతి, రంగు కారణంగా ఓటు నిరాకరించగూడదన్నది. తెల్ల పెత్తందార్లు ఊరుకున్నారా? మిసిసిపి 1890లో కొత్త రాజ్యాంగం రాసుకుని ఓటుకు పన్ను పెట్టింది. రాజ్యాంగంలోని ఏదో ఒక భాగాన్ని చదవాలి, లేదా విని అర్థం చెప్పాలన్నది. చెప్పింది సరైందో కాదో తేల్చేది తెల్ల అధికారే. ఆ షరతుల్లో నల్లజాతి పేరు ఎక్కడా లేదు. కులం పేరెత్తకుండా కులాన్ని నడిపించే విద్య మనకు తెలియనిదా? ఫలితం ఏందంటే, ఇప్పుడు ఐదుగురికి ఐదుగురూ లెక్కలోకొచ్చారు, ఓటు మాత్రం పోయింది. దక్షిణాది దొరల బలం ఇంకా పెరిగింది.

సెల్మాలో లాఠీదెబ్బలు తిన్నాకే 1965లో ఓటుహక్కు చట్టం వచ్చింది. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది దాని ఆయువుపట్టు. ఏ ప్రాంతాలకు ఇది వర్తిస్తుందో చెప్పే సూత్రాన్ని 2013లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో కొట్టేసింది. ఆయువుపట్టు మీదనే దెబ్బ పడింది.

పాత లెక్క జైళ్లలో ఇంకా బతికే ఉంది. అమెరికా సెన్సస్ ఖైదీని అతని ఊళ్లో గాక జైలున్న చోట లెక్కిస్తుంది. మెయిన్, వెర్మాంట్ తప్ప మిగతా రాష్ట్రాల్లో పెద్ద నేరాలకు జైల్లో ఉన్నవాళ్లకు ఓటు లేదు. జనాభాలో తమ వాటా కంటే జైళ్లలో నల్లవాళ్లు ఎక్కువ. కొన్ని రాష్ట్రాలు నియోజకవర్గాల కోసం ఈ లెక్కను సరిదిద్దుకున్నాయి, అన్నీ కాదు.

మనకు ఓటుంది. కానీ 1932 పూనా ఒప్పందం ఏం మిగిల్చింది? రిజర్వుడు సీట్లు మన జనాభా లెక్కన వస్తాయి. అందులో ఎవరు గెలవాలో చాలాచోట్ల ఇతరుల ఓట్లే తేలుస్తాయి. ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని అంబేద్కర్ పట్టుబట్టింది ఇందుకే. అమెరికాలో చదువుకున్న ఆయన దాన్ని నమూనాగా నెత్తిన పెట్టుకోలేదు. 1950 జనవరి 26 నుంచి రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం ఉంటాయని 1949 నవంబరులోనే హెచ్చరించాడు.

ప్రజాస్వామ్యం వద్దని మేమనడం లేదు. ఓటు కోసం ప్రాణాలిచ్చింది అణగారినవాళ్లే గదా. ఏ ప్రజాస్వామ్యాన్ని ఎవరు పొగిడినా మనం అడగాల్సింది ఒకటే: తలలు ఎవరివి, ఆ లెక్కతో వచ్చిన సీటు ఎవరి చేతిలో ఉంది?