ఎక్కే ముందు గోడ చదవాలి

ఒలింపిక్స్ రాగానే షటిల్, షూటింగ్, హాకీ మ్యాచులు ఎప్పుడున్నాయో చూసుకుంటాం. మధ్యలో రంగురంగుల ముద్దలు బిగించిన గోడను ఎవరో ఎగబాకుతూ కనిపిస్తే ఛానెల్ మార్చేస్తాం. టోక్యో క్రీడలతో ఒలింపిక్స్‌లోకి వచ్చిన స్పోర్ట్ క్లైంబింగ్‌కు మన ఇళ్లలో దక్కే మర్యాద అంతే. నా మాట విని రిమోట్ కాసేపు పక్కన పెట్టండి.

ఇందులో స్పీడ్ విభాగం అర్థం కావడానికి ఒక్క నిమిషం చాలు. 15 మీటర్ల గోడ, ఇద్దరు పోటీదారులు, ముందెవరు చేరితే వారు గెలిచినట్టు. ప్రపంచంలో ఎక్కడైనా ఈ గోడపై పట్టులు అవే, అవే చోట్ల ఉంటాయి. కాబట్టి ఇది ఎక్కాలు అప్పజెప్పడం లాంటిది, ఎవరు గుక్క తిప్పుకోకుండా చెబితే వారిదే గెలుపు. 2024 పారిస్‌లో వెడ్రిక్ లియోనార్డో 4.75 సెకన్లలో ఎక్కి, ఇండోనేషియాకు బ్యాడ్మింటన్ కాకుండా వేరే ఆటలో తొలి స్వర్ణం తెచ్చాడు. తమాషా ఏమిటంటే, అమెరికా కుర్రాడు శామ్ వాట్సన్ 4.74తో ప్రపంచ రికార్డు కొట్టాడు, కానీ అది కాంస్యం కోసం జరిగిన పోటీలో!

బౌల్డరింగ్ సంగతి వేరు. గోడ తక్కువ ఎత్తు, తాడు ఉండదు, కింద మందపాటి పరుపులు. ఎక్కే దారిని రూట్ సెట్టర్లు కొత్తగా కడతారు, పోటీదారులకు దానిపై ముందుగా సాధన చేసే వీలుండదు. ఒకరు ఎక్కడం మిగతావారి కంటపడకుండా వారిని లోపల కూర్చోబెడతారు. పడిపోతే మళ్లీ ప్రయత్నించవచ్చు, గడియారం మాత్రం ఆగదు. మడమను పట్టుకు తగిలించి ఒంటి బరువంతా దానిమీద వేయడం, రెండు చేతులూ వదిలి పై పట్టుకు దూకడం, చేతికి ఏమీ దొరకని నున్నటి గోడపై కేవలం పాదాల రాపిడితో నిలబడడం ఇక్కడే చూడాలి. కండబలం ఉన్నవాడు తప్పు కాలు ముందుకేసి జారిపోతాడు, బక్కపలచని అమ్మాయి నడుము కాస్త తిప్పి అదే చోటు దాటేస్తుంది.

మూడోది లీడ్. ఇందులో తాడు ఉంటుంది, కానీ ఒకటే అవకాశం, ఆరు నిమిషాలు. జారితే అయిపోయినట్టే. పారిస్‌లో పైకి వెళ్లేకొద్దీ ఒక్కో పట్టు విలువ పెరిగింది. ముంజేతులు మొద్దుబారుతుంటే ఎక్కడ ఆగి చేయి విదిలించుకోవాలో తెలిసినవారే నెగ్గుతారు. స్లొవేనియా క్రీడాకారిణి యాన్యా గార్న్‌బ్రెట్ టోక్యోలోనూ పారిస్‌లోనూ స్వర్ణం గెలిచిందంటే ఆ లెక్క తెలియబట్టే.

సెట్టర్లూ పొరపాటు చేస్తారు. బౌల్డరింగ్, లీడ్ కలిపి జరిగిన పారిస్ ఫైనల్లో పోటీపడ్డ జపాన్ క్రీడాకారిణి ఆయ్ మోరి ఎత్తు 154 సెంటీమీటర్లు. ఒక బౌల్డరింగ్ దారిలో ఆరంభపు పట్టు ఎన్నిసార్లు ఎగిరినా ఆమెకు అందలేదు, సున్నా వచ్చింది. లీడ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకుని కూడా నాలుగో స్థానంలో మిగిలింది. మధ్యలో అందకపోతే వేరే దారి వెతుక్కోవచ్చు, మొదట్లోనే అందకపోతే ఏం చేస్తుంది? ఆ తప్పు గోడ కట్టినవారిదేనని నా అభిప్రాయం.

మనకు ఈ విద్య మరీ కొత్తేమీ కాదు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు భువనగిరి గుట్ట మీదే నేర్చుకుంది.

టోక్యోలో మూడు విభాగాలూ కలిపి ఒకే పతకం ఇచ్చారు, పారిస్‌లో స్పీడ్‌ను విడదీశారు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మూడూ వేటికవే. అప్పుడు లీడ్ ఫైనల్‌ను ఎక్కడం మొదలయ్యాక కాదు, పోటీదారులంతా గోడ కింద చేరి, గాలిలో చేతులు ఆడిస్తూ, ప్రత్యర్థితోనే దారి చర్చించుకునే నిమిషాల నుంచే చూడండి.