విశేషణం చేసే పని: 'ఆజానుబాహువు'

వర్ణనను పరిశీలించేటప్పుడు విమర్శకుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ విశేషణం ఇక్కడ ఏం పని చేస్తోంది? ఒక్క పదాన్ని తీసుకుని చూద్దాం.

'జాను' అంటే మోకాలు. 'ఆ' అనే ఉపసర్గకు ఇక్కడ 'వరకు' అని అర్థం. మోకాళ్ల వరకు అందే చేతులు కలవాడు ఆజానుబాహువు. ఇది బహువ్రీహి సమాసం. 'ఆజానుబాహుడు' కూడా వాడుకలో ఉంది. కొందరు 'అజానుబాహుడు' అని రాస్తారు. దీర్ఘం పోతే మోకాళ్లే లేకుండా పోతాయి! వాల్మీకి రామాయణం బాలకాండ మొదటి సర్గలో నారదుడు రాముణ్ణి ఈ మాటతో వర్ణిస్తాడు. వంగకుండానే మోకాళ్లను తాకే చేతులు బుద్ధుని మహాపురుష లక్షణాల్లోనూ ఒకటి. అంటే ఇది ఒక శుభలక్షణం పేరు. ఇవాళ మనం పొడగరి కనిపిస్తే చాలు, ఈ మాట తగిలిస్తున్నాం.

జైన పురాణాల్లోని పోదనపురం మన బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అది బాహుబలి రాజధాని. పంపకవి 941లో రచించిన 'ఆదిపురాణం' ఈ కథ చెబుతుంది. జైన సంప్రదాయం ప్రకారం బాహుబలి అన్న భరతునికంటే పొడగరి. అందుకే దృష్టియుద్ధంలో, జలయుద్ధంలో అతనిదే పైచేయి. మల్లయుద్ధంలోనూ గెలిచి, రాజ్యం వదిలి తపస్సుకు నిలబడతాడు. శ్రవణబెళగొళలోని సుమారు 57 అడుగుల విగ్రహంలో ఆ చేతులు నిటారుగా కిందికి వేలాడుతుంటాయి. దేహం పొడవు కథను నడిపింది. గెలిచిన చేతులే వైరాగ్యానికి గుర్తయ్యాయి. విశేషణం సార్థకం కావడమంటే ఇదే.

బోధన్ ప్రాంతపు విద్యార్థి ఒకరు వ్యాసంలో 'మా నాన్న ఆజానుబాహుడు' అని రాశారు. ఎలా ఉండేవారని అడిగాను. "చెరుకు కొట్టేటోడు సార్. కింద నిలబడే బండి మీదికి కట్ట అందిచ్చేటోడు" అన్నారు. 1937లో స్థాపించిన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. బళ్ల వరసలు లేవు. ఆ తండ్రి చేతుల పొడవు మాత్రం ఈ మాటలో మిగిలింది. దాన్ని కొట్టివేసి పురాణపదం రాయడం పాండిత్యం కాదు, నష్టం.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక పొడగరిని విశేషణం లేకుండా, వారు చేసే పని ద్వారా మూడు వాక్యాల్లో వర్ణించండి.