పూటకూళ్లమ్మ ఇరువది రూపాయలు

కన్యాశుల్కమును గూర్చి మన విమర్శకులు వ్రాయని విషయము లేదని తోచును. గిరీశముపై, మధురవాణిపై వ్యాసములు కుప్పలుగా నున్నవి. పూటకూళ్లమ్మకు మాత్రము చీపురుకట్టయే మిగిలినది. ఆమె మంచము క్రింద దాగిన గిరీశమును కొట్టబోగా దెబ్బ రామప్పపంతులుకు తగులును, మనము నవ్వుదుము. నవ్వవలసినదే. కాని ఆమె యేల వచ్చినది? సంతలో సరుకులు కొనితెచ్చెదనని గిరీశము ఆమెయొద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని మధురవాణికై వ్యయపఱచెను. అన్నము వండి యమ్ముకొని బ్రదుకు వితంతువు సొమ్మది. గురజాడవారు ఈ లెక్కను తొలి రంగముననే, గిరీశము నోటనే చెప్పించిరి. మఱచినవారము పాఠకులము.

ఈ మఱపు పుస్తకముతో నాగుట లేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాటకము చూచి వచ్చిన రసికుడే నారాయణగూడలో నొక హోటలున గూర్చుండి, దోసె కొంచె మాలస్యమైనంతనే, తండ్రి వయసు సర్వరునైనను "ఒరేయ్" అని పిలుచును. అశోకనగరములో ఉద్యోగపరీక్షలకు చదువు యువకులకు మెస్సులే దిక్కు. సమానత్వమును గూర్చిన రాజ్యాంగ ప్రకరణములను వల్లించు వారికి, సాంబారు బకెట్టు మోయువాని కాళ్లక్రింది నేల తడిసి జారుచున్నదని కనబడదు. లోపల గాలిలేని వంటగది, కాగిన నూనె, ప్రక్కనే గ్యాసుబండలు. రాత్రి కడపటి బేరము తరచుగా త్రాగి వచ్చినవానిది. వాడు బిల్లు కట్టక పోయినచో ఆ సొమ్మును సర్వరు జీతములో కోయు యజమానులును కలరు. వారు గిరీశమునకు దగ్గఱి చుట్టములు.

సేవకులును కొట్టుదురుగదా యందురు. నిజమే. 2023 సెప్టెంబరులో పంజాగుట్టలోని యొక భోజనశాలలో, మఱికొంత పెరుగడుగుటతో మొదలైన తగవున భోజనమునకు వచ్చినవాడొకడు మరణించెను. సిబ్బందిని పోలీసులు పట్టుకొనిరి. దానిని సమర్థింప వీలులేదు. పత్రికలు ఆ మరణమును ప్రకటించుట న్యాయమే. కాని సర్వరు చెంపమీది దెబ్బకు కేసు వ్రాయించువాడెవడు? వ్రాయించినచో మఱునాడు వాని కొలువుండునా?

స్త్రీల మాట వేఱు చెప్పవలెను. పదిమందికంటె తక్కువ పనివారున్న చోట వేధింపబడిన స్త్రీ జిల్లాలోని స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేయవచ్చునని 2013 నాటి చట్టము. గిన్నెలు తోము ఆమెకు కనబడునట్లు ఆ సంఘము చిరునామాను గోడకంటించిన మెస్సు మాకింతవఱకు కానరాలేదు.

కన్యాశుల్కము నాడు సమాజములవారిని మేమొకటి కోరుచున్నాము: చీపురుకట్టకు ముందు ఇరువది రూపాయల మాట ప్రేక్షకునికి వినబడనిండు. మేము చూచిన ప్రదర్శనములలో అది గిరీశము హాస్యములో మునిగిపోయినది.