ఇక్కత్ అంచు, అర ఎంబీ

పోచంపల్లిలో ఒక నేత కుటుంబం చీరలు అమ్ముకోవడానికి పెట్టుకున్న పేజీని ఈ వారం ఫోన్‌లో తెరిచాను. మొదటి చీర పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చి సగంలో నిలబడిపోయింది. కెమెరా ఇచ్చిన ఫోటోను ఇచ్చినట్టే ఎక్కించేశారు: అడ్డం 6000 చుక్కలు, నిలువు 4000. చాలా ఫోన్ల తెర వెడల్పు 1080 చుక్కలే.

ఇలా పెద్ద ఫోటోలు పెట్టడం మీద నా పోరు పాత పాఠకులకు తెలిసిందే. ఫోటో బరువు మోసేది పెట్టినవాళ్లు కాదు, చూసేవాళ్లు. ఖర్చయ్యేది వాళ్ల డేటా, వాళ్ల సమయం. అందుకే ముందు కొలత తగ్గించండి, కుదింపు నాణ్యతను మార్చే మీట జోలికి తర్వాత వెళ్లండి అంటాను. అడ్డం 1200కి దించితే చుక్కలు 25వ వంతుకు పడిపోతాయి. ఆపైన వెబ్‌పీ అనే ఫోటో రకంలోకి మార్చి నాణ్యత 75 దగ్గర పెడితే, చాలా ఫోటోలు వంద, రెండొందల కేబీల్లో ఒదుగుతాయి.

కుదింపు మాటెత్తితే నాకు నాసిర్ అహ్మద్ గుర్తుకొస్తారు. బెంగళూరులో పుట్టి, అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. 1972లో తన ఆలోచన ఒకటి రాసి, డబ్బు సాయం కోసం నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు పంపారు. ఇది మరీ తేలిక అని ఒక సమీక్షకుడు అన్నాడు. సాయం రాలేదు. ఆయన వదల్లేదు. విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కె.ఆర్. రావులతో కలిసి ఆ ఆలోచనను 1974 జనవరిలో ప్రచురించారు. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1992 నాటి జేపెగ్ ప్రమాణానికి ఆయువుపట్టు అదే. జేపెగ్‌లో బొమ్మ 8×8 చుక్కల గళ్లుగా విడిపోతుంది. ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుగునీడలు వేరు, చకచకా మారేవి వేరు అని ఆ లెక్క తేలుస్తుంది. మన కన్ను మొదటివాటిని బాగా పట్టుకుంటుంది, రెండోవాటిని అంతగా పట్టుకోదు. కాబట్టి పట్టనివాటిని కోసేస్తారు. రంగు దగ్గర కన్ను ఇంకా సర్దుకుపోతుంది. నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు విలువ రాసినా అభ్యంతరం చెప్పదు. ఇంత అందమైన గణితం ఇంత మామూలు పనికి ఉపయోగపడటం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

మళ్లీ ఆ చీరల పేజీకి వస్తే, అందులోదే, అంచు దగ్గరగా తీసిన ఎర్రచీర ఫోటోను స్క్వూష్ అనే ఫోటోలు కుదించే వెబ్ సాధనంలో పెట్టి చూశాను. నడుమ గీతకు ఒకపక్క అసలు ఫోటో, రెండోపక్క కుదించింది. ఇక్కత్‌లో నేతకు ముందే దారాలను కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కిందికి కాస్త రంగు పాకుతుంది, మగ్గం మీద దారాలు వెంట్రుకవాసి జరుగుతాయి. అందుకే పువ్వు అంచు ఈకలా విచ్చుకుంటుంది. అచ్చువేసిన నకిలీలో ఆ అంచు కత్తిరించినట్టుంటుంది. తెలిసి కొనేవాళ్లు వెతికేది ఆ ఈకనే. కన్నుకు పట్టదని సాఫ్ట్‌వేర్ తీసిపారేసేదీ దాన్నే. పైగా ఎరుపూ తెలుపూ కలిసేచోట నాలుగు చుక్కల రంగు ఒకటైపోయి అంతా అలుక్కుపోయింది. నేసిన చీరకూ అచ్చు చీరకూ తేడా చెప్పే ఆధారం పోయింది.

నాణ్యత మీట 95కి జరిపినా రంగు అలుక్కుపోవడం పూర్తిగా ఆగదు. నష్టంతో కుదించే వెబ్‌పీలో నాలుగు చుక్కలకు ఒక రంగు అన్నది తప్పించుకోలేని నియమం. జేపెగ్‌లో, ఏవీఐఎఫ్ అనే మరో ఫోటో రకంలో దాన్ని ఆపేయొచ్చు.

చూసేవాళ్ల మీద బరువు వేయొద్దని ఇన్నాళ్లూ వాదించిన నేను, ఈ ఒక్కచోట ఆ బరువు వాళ్లకే కావాలంటాను. వేల రూపాయలు పెట్టి కొనేవాళ్లకు ఆ అంచు చూసే హక్కుంది, రోజుల తరబడి నేసినవాళ్లకు చూపించే హక్కుంది. ఆ కుటుంబానికి రాశాను: నిండు చీరల ఫోటోలు చిన్నవిగా వెబ్‌పీలో పెట్టండి. ప్రతి చీరకూ అంచు ఫోటో ఒకటి మాత్రం, అర ఎంబీ అయినా సరే, రంగు తగ్గించని జేపెగ్‌గా ఉంచండి. వేలు పెట్టి నొక్కినప్పుడే అది దిగేలా చూసుకోండి.