నందంపూడి శాసనంలో కనిపించని ఊరు

రాజరాజనరేంద్రుడు సింహాసనం ఎక్కింది 1022లో. ఆ ఘట్టానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లోనే రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. భావరాజు వేంకట కృష్ణారావు గారి సంపాదకత్వంలో రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచిక వెలువడింది. తామ్రపత్రాలు వెతికి, లిపి విప్పి, శక సంవత్సరాలు లెక్కకట్టి, పుక్కిటి కథల చేతిలో ఉన్న గతాన్ని ఆధారాల మీద నిలబెట్టిన తరం అది. వారి కృషిని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. పరాయి పాలనలో ఉన్న జాతి తనకూ ఒక చరిత్ర ఉందని చెప్పుకోవడం ఆనాటి అవసరం. అయితే ఆ అవసరం మన చరిత్రను పట్టాభిషేకంతో మొదలుపెట్టించింది. తెలుగు సాహిత్య విమర్శ ఇంకా అక్కడినుంచి కదలలేదని నా ఫిర్యాదు.

2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. ఈ పేరు ఏ రాజుది? ‘రాజమహేంద్ర’ బిరుదు రాజరాజు కంటే ముందే, పదో శతాబ్దిలోనే అమ్మరాజులకు ఉంది. ఊరి పేరును వాళ్ళతో ముడిపెట్టిన చరిత్రకారులున్నారు. జనం మాత్రం దాన్ని రాజరాజుకే కట్టబెడతారు. కారణం స్పష్టమే: అతని పక్కన నన్నయ ఉన్నాడు. ఏ రాజు అన్నదాని మీద ఇంత తర్జనభర్జన చేసేవాళ్ళం, ఊరు కట్టినవాళ్ళ సంగతి ఎత్తం. ‘దేశచరిత్రలు’లో శ్రీశ్రీ వేసిన ప్రశ్నలను సభల్లో వల్లిస్తాం గాని, శాసనం ముందు నిలబడేసరికి మరిచిపోతాం.

నందంపూడి శాసనం సంగతే చూడండి. సాహిత్య విద్యార్థికి అది రెండు విషయాల కోసం తెలుసు. దాన్ని రచించినవాడు నన్నయభట్టు. దానం పుచ్చుకున్న నారాయణభట్టు సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలలో కవి. భారత రచనలో తనకు తోడ్పడ్డవాడని నన్నయే చెప్పాడు కనుక మన పాఠం అక్కడితో సంతృప్తి చెందుతుంది. కాని ఆ రాగిరేకులు ఒక ఊరిని దానం చేసిన పత్రం. రెండేరుల నడిమి విషయంలో, అంటే నేటి కోనసీమలో, ఉన్న నందంపూడి అగ్రహారమయింది. ఆదికవి కలం అక్కడ ఒక భూమి బదిలీని రాసింది.

తూర్పు చాళుక్యుల దానపత్రాలకు ఒక మూస ఉంది. వంశావళి, పరాక్రమం, బిరుదులు గడిచాక రాజు ‘రాష్ట్రకూటులు మొదలైన కుటుంబులను’ పిలిపించి ఆజ్ఞాపిస్తాడు. ఇక్కడ రాష్ట్రకూటులంటే దక్కనును ఏలిన రాజవంశం కాదు, ఊళ్ళలో పెద్దరికం చేసే రైతు పెద్దలు. కుటుంబులు సేద్యగాళ్ళు. వాళ్ళు పత్రంలో కనిపించేది ఆజ్ఞ వినడానికే. విన్నాక ఏమన్నారో, పంటలో ఎంత పాలు ఇచ్చుకున్నారో, ఆ మడి దున్నిన చేతులు ఎవరివో రాగిరేకు చెప్పదు. మరొకటి కూడా గమనించదగింది. ఈ పత్రాలలో రాజును పొగడడానికి సంస్కృతం సరిపోయింది. పొలిమేరలు చెప్పవలసి వచ్చేసరికి తెలుగు ఊళ్ళ పేర్లు, చెట్ల పేర్లు, చెరువుల పేర్లు తోసుకు వచ్చాయి. గట్టు తగాదా సంస్కృతంలో తీరదు కదా!

నోరి నరసింహశాస్త్రి గారు ‘నారాయణభట్టు’ నవల రాశారు. ఆధారాలను శ్రద్ధగా చదివిన రచయిత ఆయన. ఆయన ఎంచుకున్న కేంద్రం కొలువు, కవి, పండితుడు. దానం పొందినవాడు నాయకుడయ్యాడు. దానంగా పోయిన ఊరికి అలాంటి నవల రాలేదు. అడివి బాపిరాజు గారు పశ్చిమగోదావరి మనిషి. 1926లో బయటపడిన నాగార్జునకొండ ఆయన కల్పనను కదిలించింది. ఇక్ష్వాకుల శాసనంలోని ఒక రాచబిడ్డ పేరే ‘అడివి శాంతిశ్రీ’ నవలకు పేరయింది. రాయిమీది పేరుకు రక్తమాంసాలివ్వడం రచయిత హక్కు. ఆ హక్కుతో నాకు పేచీ లేదు. ఆ రాళ్ళలో మనవాళ్ళ చెయ్యి రాచబిడ్డల పేర్ల దగ్గరే ఎందుకు ఆగిందన్నదే నా ప్రశ్న.

అభ్యుదయవాదులమైన మనం దీనికి అతీతులమా? మనం రాజును వదిలి బుద్ధుణ్ణి పట్టుకున్నాం. పంచారామాలన్నీ ఒకప్పుడు బౌద్ధారామాలేనని వేదికల మీద ఢంకా బజాయించి చెబుతాం. ద్రాక్షారామం, కుమారారామం పేర్లలో ‘ఆరామం’ ఉందన్నది మన ప్రధాన సాక్ష్యం. పేరు ఒక్కటే సాక్ష్యమైతే తవ్వకం ఎందుకు? కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహల విషయం వేరు. అక్కడ కొండలో తొలిచిన చైత్యం ఉంది, విహారాలున్నాయి, శాసనాలున్నాయి. చైత్యంలోని స్తూపాన్ని జనం ధర్మలింగేశ్వరుడని కొలిచారు. ఇది కళ్ళముందున్న ఆధారం. దీన్నీ, పేరు మీద కట్టిన ఊహనూ ఒకే గాటన కడితే, అవతలి పక్షంవాడు ప్రతి దిబ్బ కింద తన దేవుణ్ణి చూపినప్పుడు కాదనడానికి మనకు నోరుండదు.

గుంటుపల్లిలోనైనా మనం అడగవలసినది అడిగామా? అక్కడి ఒక శాసనం ప్రకారం, కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహనుడు అయిన శ్రీసదుని లేఖకుడు చుళగోముడు ఒక మండపం దానం చేశాడు. లేఖకుడు, అంటే వ్రాయసగాడు! మండపం కట్టించేంత స్తోమత ఆ ఉద్యోగికి ఎక్కడినుంచి వచ్చింది? బౌద్ధమా, శైవమా అని కొట్లాడుకునేవారికి ఈ ప్రశ్నతో పనిలేదు.

పెదవేగిలో, పాత వేంగిలో, కేంద్ర పురావస్తు శాఖ 1980లలో తవ్విన దిబ్బ పేరు ధనమ్మ దిబ్బ. ధనం కోసం తవ్వేవాడికీ రాజు పేరు కోసం తవ్వించేవాడికీ నాకు పెద్ద తేడా కనిపించదు. ఇద్దరూ కుండపెంకును పక్కకు నెడతారు.

ఇక ద్రాక్షారామం భీమేశ్వరాలయం రాళ్ళు. పదకొండు, పన్నెండు శతాబ్దాల శాసనాలు అక్కడ గుట్టలుగా ఉన్నాయి. వాటిలో చాలావరకు యుద్ధాలు కావు, దీపాలు. ఒక దాత అఖండదీపం పెడతాడు; దానికి యాభై ‘ఇనుప యెడ్లు’ ఇస్తాడు. ఇనుము తరగదు, మంద కూడా తరగకూడదన్న భావం ఆ మాటలో ఉందని నేను అనుకుంటున్నాను. ఆ మందను ఒక బోయడు చేపట్టి, కొడుకులూ మనుమలూ తరతరాలుగా రోజుకొక మానెడు నెయ్యి గుడికి పొయ్యాలి. మందకు తెగులు తగిలిన ఏడు ఏమయింది? గోదావరి పొంగిన ఏడు గడ్డి ఎక్కడిది? మనుమడు కాదంటే ఎవరు అడుగుతారు? పుణ్యం దాతది, వెలుగు దేవుడిది, పూచీ మాత్రం బోయడి వంశానిది. అయినా రాయి అతని పేరు దాచలేదు. ఫలానావాని కొడుకు ఫలానా బోయడని స్పష్టంగా చెక్కింది; పత్రం చెల్లాలంటే బాకీదారు పేరు ఉండాలి గదా.

పైగా అది తెలుగు వచనం. లావాదేవీల్లో నలిగిన, పని జరిపించే వచనం. భాషావివాదంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరికీ శాసనాలతో పరిచయం ఉండడం మన సాహిత్య చరిత్రలో ఒక వింత. గిడుగు రామమూర్తి గారు ముఖలింగం శాసనాలు చదివినవారు. గ్రాంథికవాది జయంతి రామయ్య పంతులు గారు తెలుగు శాసన సంపుటానికి సంపాదకులు. ఆనాడు రాళ్ళను భాషకోసం చదివారు. ఆ భాష ఎవరి మెడకు ఏ బరువు చుట్టిందో చదవడం మన తరం పని. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలను వడగట్టి తిండినీ బట్టనూ ఆటపాటలనూ బయటికి తీశారు. శాసనాలను అలా వడగట్టిన సాహిత్య విమర్శకులు ఎందరు?

ద్రాక్షారామం శాసనాలు 1923లో అచ్చయిన దక్షిణభారత శాసనాల నాలుగో సంపుటంలో ఉన్నాయి. మూలపాఠమే తప్ప అనువాదం లేదు. ఎమ్మే తెలుగు విద్యార్థికి నన్నయ పద్యంతో పాటు వాటిలో పది దీపశాసనాలు, అర్థతాత్పర్యాలతో, చేతికిచ్చే చిన్న పుస్తకం కావాలి. మన సంఘాల శాఖలు సంకలనాలు వేస్తూనే ఉన్నాయి. ఇది వాటి ఖర్చుకు మించింది కాదు. బోయల పేర్లన్నీ తండ్రుల పేర్లతో సహా అందులో ఉండాలి.