పార్వేట ఫొటోల్లో పిల్లలు

అహోబిలం నరసింహస్వామి పార్వేట కనుమనాడు మొదలై నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో సాగుతుంది. పల్లకి వెంట నడిచే పిల్లలను వాళ్లకు తెలియకుండా తీసిన ఫొటోలు నంద్యాలలో చూస్తుంటాం, 'ఎంత సహజం!' అంటాం. బుడగలు కొనే పిల్లవాడూ, అమ్మే పిల్లవాడూ వాటిలో ఒకేలా నవ్వుతారు. ముఖం మిగిల్చి అంచులు కత్తిరిస్తే శ్రమ కనిపించదు. (మన కథల్లోని 'అమాయక బాల్యం' కూడా ఇలాంటి కత్తిరింపే.) ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు కార్టియర్ బ్రెసాన్ 1933లో స్పెయిన్‌లోని సెవిల్‌లో గోడ కంతలోంచి పిల్లల ఆటను తీశాడు. కూలిన గోడలను గాని, ఊతకర్రల కుర్రవాణ్ణి గాని చట్రం బయటికి నెట్టలేదు. చాటుగా తీయడమే తప్పని నేననను. బుడగలమ్మే పిల్లవాడు కెమెరాను గమనించి సూటిగా చూసిన ఫొటోను మాత్రం 'పాడైంది' అని పక్కన పడేస్తారు. నేను అడిగేది ఆ ఫొటోనే.